దొరబాయి గంట

పలుగుగుట్ట కింద ఆ చింతమాను తెలుసు గదా మీకందరికీ. అది ఎన్ని కాయలు కాస్తాదో చూసినారా ఎప్పుడైనా? కొమ్మలు నేలకు వంగిపోతాయి. రాల్చేవాళ్ళు లేరు. రాలిన కాయ రాలినట్లే పడి పురుగు పట్టి పోతాది, కోతులు గూడా ముట్టవు. దాని పక్కనే దొరబాయి. బాయి అంటే నీళ్ళబాయి అనుకుంటారేమో, అది నీళ్ళ కోసం తవ్వింది గాదు, బంగారం కోసం తవ్వింది. ఇప్పుడు దాంట్లో ఉండేది నీళ్ళే, అది వేరే సంగతి. ఆ చెనిక్కాయల గంప ఇట్ల జరుపు మాధవీ, నాకు చెయ్యి అందడంలేదు. ఆఁ, చాలు. ఒలుస్తా వినండి. చేతులు ఆగినాయంటే నా నోరు గూడా ఆగుతాది, ముందే చెప్తాండా.

మా అమ్మకు మేనమామ ఒకాయన ఉండె, కంబగిరెప్ప అని. మీరు చూసిండరు, మీ తాతలు చూసింటారు. నేను ఈ ఊరికి కోడలుగా వచ్చిన యాడాదే ఆయప్ప మంచాన పడినాడు, నేను పూటకింత మజ్జిగ తీసుకోని పోతాంటి. అప్పుడు చెప్పినాడు ఇదంతా. ఒక్కసారి గాదు, ఒక పూట ఇంత, ఒక పూట ఇంత. నేను అడిగిందీ లేదు. ఎవరికో ఒకరికి చెప్పి పోవాలని ఉన్నింది ఆయప్పకు, నేను చేతికి దొరికినా.

మొదట్లో ఆ గుట్ట మీద ఉత్త గుంతలు ఉన్నెంట. ఎవరు తవ్వినారో, ఏ రాజు కాలంలో తవ్వినారో అడిగితే చెప్పేవాళ్ళు లేరు. వానలు పడినప్పుడు ఆ గుంతలు నిండితే గొర్రెలోళ్ళు గొర్రెల్ని తోలేవాళ్ళు, అంతే. ఒక ఏడు చలికాలంలో తెల్లదొర ఒకాయన గుర్రమెక్కి వచ్చినాడు, గడ్డం ఎర్రగా ఉంటే మనోళ్ళు ఎర్రగడ్డం దొర అన్నారు, అసలు పేరు ఏందో ఆ దేవునికే ఎరుక. వచ్చి, గుర్రం దిగి, ఒక పలుగురాయి ముక్క తీసుకోని, దాన్ని నాలికతో నాకి, ఎండకు పెట్టి తిప్పి తిప్పి చూసి, ఆ పొద్దే చింతమాను కింద గుడారం వేసినాడంట. రాయిని నాకే మనిషిని మనోళ్ళు అంతకుముందు చూసిందే లేదు, పాపం మతి పోయినోడేమోలే అని గంజి గూడా పోసినారంట ఎవరో.

ఆ మతి పోయినోడే మూన్నెల్లకు వందమంది కూలోళ్ళను పెట్టినాడు. గుట్ట పక్కన చదరంగా బాయి దించినాడు. రాయికి బెజ్జాలు వేసి మందు కూరి పేలిస్తే మన ఊరి ఇండ్లల్లో ఉట్టి మీది కుండలు ఊగేవంట. ఆ రాయి పైకి తీస్తే ఆడోళ్ళు సుత్తెలతో కొట్టి, గుండ్రాళ్ళతో నూరి, నీళ్ళలో కడిగి, ఏందో పాదరసం అంట, అది కలిపి తీస్తే అప్పుడు కనపడేది బంగారం, కంటికి ఆనీ ఆనకుండా. పెద్ద ఆవిరి మిషను తెప్పిస్తానన్నాడు దొర. తెప్పించినాడు గూడా. రైలు దిగినాక ముప్ఫై జతల ఎద్దుల్ని కట్టి తెస్తాంటే, మన వంక దాటేటప్పుడు ఇసకలో దిగబడింది. ఎంత లాగినా రాలేదు. ఆ ఏటి వరదకు ఇంకా లోపలికి పోయింది. ఇప్పటికీ ఆడనే ఉందంట, మీరు ఇసక తోడేటప్పుడు పార తగిలి ఖణేల్ మంటే అదే.

మిషను రాకపోయేసరికి బాయిలోనుంచి రాయి ఎట్ల తియ్యాల? కపిల పెట్టినాడు. మోటార్లు వచ్చినాక పుట్టినోళ్ళు మీకు కపిల ఏం తెలుస్తాదిలే. బాయి మీద గిలక, గిలక మీద మోకు, మోకుకు ఒక కొనన తోలుబాన, ఇంకో కొనన ఎద్దుల కాడి. ఎద్దులు వాలు దావలో ముందుకు దిగితే బాన పైకొస్తాది, ఎనక్కి నడుచుకుంటా ఎక్కితే బాన లోపలికి దిగుతాది. తోలే మనిషి మోకు మీద కూచుంటాడు, బరువుకు. మనం నీళ్ళు తోడేది అట్లనే గదా, దొర బాన తీసి ఇనుప తొట్టి కట్టినాడు, అంతే తేడా. బాయి నూటాయాభై అడుగులు పోయింది గాబట్టి ఎద్దుల దావ గూడా అంత పొడుగు తవ్వినారు.

ఆ కపిల తోలేదానికి పెట్టుకున్నోడే మన కంబగిరెప్ప. నల్లెద్దు ఒకటి, మాసిన తెలుపు మైలెద్దు ఒకటి, ఆయప్ప ఎద్దులు మాట చెప్తే వినే రకం. గంట చెప్తే గూడా వినేవి. చింతమాను కొమ్మకు ఇత్తడి గంట ఒకటి వేలాడదీసి, దానికి సన్న తాడు కట్టి బాయి అడుగు దాకా వదిలినాడు దొర. అడుగున ఉండేవాళ్ళు ఆ తాడు లాగితే పైన మోగుతాది. ఒకటి కొడితే నిలపమని. రెండు కొడితే తొట్టి దించమని. మూడు కొడితే తొట్టిలో మనిషి ఎక్కినాడు, పైకి లాగమని. ఏండ్ల తరబడి అదే పని గదా, కంబగిరెప్ప నోరు తెరిచే పనే లేదు, రెండు గంటలు వింటే ఎద్దులు వాటంతట అవే ఎనక్కి నడిచేవి, మూడు వింటే ముందుకు.

ఆయప్ప పెండ్లాం నాగలచ్చుమ్మ. ఆమెకు ఒక్కడే తమ్ముడు, ఉరుకుందు అని. తల్లి పోతే వాడిని సంకనేసుకోని సాకింది ఆమే. పెండ్లై అత్తగారింటికి వచ్చేటప్పుడు వాడిని గూడా ఎంటబెట్టుకోని వచ్చింది, కంబగిరెప్ప ఒక్క మాట అన్లేదు. వాడు పెద్దోడై బావ పని చేసే చోటనే గనిలో దిగినాడు. ఇరవైరెండేండ్లకే అడుగున గంట తాడు వాని చేతికి ఇచ్చినారంటే చూడండి, ఎంత నమ్మకస్తుడో. కుడిచేతికి రాగి కడియం ఉండేది, అక్క చేయించింది.

ఇంక ఆ దినం సంగతి. హస్త కార్తెలో వారం దినాలు విడవకుండా వాన. పాత గుంతలన్నీ నిండినాయి. ఉరుకుందు ఇంటికొచ్చి అన్నం తింటా, అడుగున గోడ చెమట పడతాంది బావా, చెవి పెడితే లోపల గుడగుడమంటాంది, పాత గుంత ఏదో దగ్గరుంది అన్నాడంట. మేస్త్రికి చెప్పు అన్నాడు కంబగిరెప్ప. చెప్పినాడు. మేస్త్రి పోయి దొరకు చెప్పినాడు. దొర ఏమన్నాడు? ఆ గోడలోనే పలుగురాయి తెల్లగా, లావుగా కనపడతాంది, ఆడనే మందు పెట్టండి అన్నాడు.

పెట్టినారు. మిట్టమధ్యాహ్నం, ఆ పొద్దు వాన తెరిపిచ్చి సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. లోపల ఐదుమంది, పక్క సొరంగంలోకి తప్పుకోని ఉన్నారు. పేలిన శబ్దం వచ్చింది, దాని ఎనకాలనే ఇంకో శబ్దం వచ్చిందంట, ఎద్దు రంకె వేసినట్ల, కానీ ఆగకుండా. బాయిలోనుంచి చల్లగాలి పైకి కొట్టింది. బురద వాసన. అంతలో గంట, మూడు. ఎద్దులు కదిలినాయి. తొట్టి పైకొచ్చింది, నలుగురు, ఒకరి మీద ఒకరు, నెత్తి నుంచి కాలి దాకా బురద, వాళ్ళల్లో ఉరుకుందు లేడు. యాడ వాడు అంటే, మమ్మల్ని ఎక్కిచ్చి గంట కొట్టినాడన్నా, తొందరగా దించు అని ఏడ్చినారు.

దించినాడు. మోకు మొత్తం లోపలికి దిగింది. గంట కోసం చూస్తాండాడు. మూడు కొట్టింది. ఎద్దుల్ని తోలి మోకు మీద ఎక్కి కూచున్నాడు. సగం దావ దిగినాడో లేదో, బాయిలో ఆనించిన దూలాలు ఫెళఫెళమని విరిగి తొట్టి మీద పడినాయి, రాళ్ళూ మన్నూ నీళ్ళూ అన్నీ దాని మీదకే. మోకు ఎనక్కి గుంజింది. ఎట్ల గుంజింది అంటారు, ఎద్దులు ముందుకాళ్ళు నేలకు గుచ్చి, ఎనకాల కూలబడి, కూలబడి గూడా జారిపోతాండాయి బాయి వైపుకు. మోకు మీద కూచున్న కంబగిరెప్ప కాళ్ళు మట్టిలో గీత గీస్తాండాయి. బాయికి ఎంత దూరమో చూసినాడు. పది బారలు. ఎనిమిది. ఆ నలుగురూ దిక్కులకు పరిగెత్తినారు, మేస్త్రి యాడున్నాడో లేదో. నల్లెద్దు మెడ తిప్పి ఆయప్ప మొహంలోకి చూసిందంట. ఐదు బారలు. అప్పుడు లోపల్నుంచి వినపడింది, దూరంగా, తెలిసిన గొంతు. "బావా!"

ఆయప్ప నడుముకు కొడవలి ఉంది.

కోసేసినాడు.

మోకు పాము మాదిరి ఎగిరి బాయిలోకి పోయింది. ఎద్దులు ముందుకు పడినాయి, మోకాళ్ళ మీద. ఆయప్ప నేల మీద బోర్లా పడి ఉన్నాడు, నోట్లో మన్ను. అప్పుడు గంట మోగింది. ఒక్కటే. నిలపమని.

నాయనా, ఆ ఒక్క గంట గురించి చెప్పేటప్పుడు ఆయప్ప మజ్జిగ లోటా మంచం మీద పెట్టేసి రెండు చెవులూ మూసుకున్నాడు. నలభై ఏండ్లయింది అప్పటికే.

జనం పరిగెత్తుకోని వచ్చినారు, నాగలచ్చుమ్మ వచ్చింది, జుట్టు విరబోసుకోని. ఏమైందని అడిగితే, మోకు తెగింది అన్నాడు. అంతే. ఎవరు గాదంటారు? పాత మోకు, తడిసిన మోకు, తెగుతాది. చూసినోళ్ళు ఎవరూ లేరు, ఎద్దులు తప్ప. సాయంత్రానికి నీళ్ళు గట్టుకు ముప్ఫై అడుగుల కింద దాకా పైకొచ్చి నిలబడినాయి. పీనుగు తేలుతాదేమో అని మూడు దినాలు చూసినారు. తేల్లేదు. దొర నెల దినాలు నీళ్ళు తోడించి, తోడినంత ఊరుతాంటే విసుక్కోని, సామాన్లన్నీ బండ్లకెత్తి పోయినాడు. చింతమాను కొమ్మకు ఉండే గంట గూడా విప్పి తీసుకోని పోయినాడు. ఇది గుర్తు పెట్టుకోండి, గంట లేదు ఆడ. గంటా లేదు, తాడూ లేదు.

ఆ ఎండాకాలం. కంబగిరెప్ప తన చేన్లో, తన సొంత బాయి మీద కపిల తోలుతాండాడు, వరిమడికి. దొరబాయికీ ఆ చేనుకూ ఒక కోసు దూరం. సూర్యుడు నడినెత్తికొచ్చినాడు. బాన నీళ్ళలో మునిగింది. మునగంగానే మోకు కదిలింది. ఒకసారి, ఇంకోసారి, ఇంకోసారి. మూడు గుంజుళ్ళు, కింద ఎవరో చేత్తో పట్టుకోని గుంజినట్ల. చేప ఏమో, వేరుకు తగులుకుందేమో అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు. ఎద్దులు మాత్రం తోలకనే ముందుకు నడిచినాయి. లాగలేక లాగలేక లాగుతాండాయి, నోట్లో నురగ. రోజూ లాగే బానే గదా, ఎందుకింత బరువు? బాన పైకొచ్చింది. నీళ్ళు కుమ్మరించింది. ఉత్త నీళ్ళే. ఆ నీళ్ళు కాలవలో పారిపోయినాక అడుగున ఏం మిగిలినాయనుకున్నారు? పలుగురాయి ముక్కలు, తెల్లగా, అంచులు మొన్న కొట్టినట్ల పదునుగా. ఆ చేన్లో అంతా నల్లరేగడి, నాయనా. పలుగురాయి అనేదే లేదు.

ఎద్దుల్ని విప్పేసి ఇంటికొచ్చినాడు. పెండ్లాం అడిగితే ఎండ దెబ్బ అన్నాడు.

ఆ మరుసటి దినం నుంచి గంట. మధ్యాహ్నం, అన్నం ముందర కూచునే యాలకు, గుట్ట వైపు నుంచి. మొదట రెండు. ఆయప్ప చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పెండ్లాం మొహం చూసినాడు, ఆమె మామూలుగా చారు పోస్తాంది. నాకు ఒక్కడికే వినపడతాంది గావాల అనుకున్నాడు, అనుకోని కొట్టంలోకి చూసినాడు. ఎద్దులు రెండూ గూటానికి కట్టేసినవి కట్టేసినట్లే, ఎనక్కి నడుస్తాండాయి. ఒక అడుగు, ఇంకో అడుగు. పలుపు బిగిసిపోయి, మెడలు సాగి, ఇంక పోవడానికి లేక అట్లే నిలబడి వణుకుతాండాయి. రెండు గంటలంటే దించమని గదా. అవి దించుతాండాయి.

చెప్పండి, మీరైతే ఏం చేస్తారు? ఆయప్ప ఏం చేసినాడో చెప్తా. చెవుల్లో దూది పెట్టుకున్నాడు. కపిల మానేసినాడు. వరిమడి ఎండిపోయింది, ఊరోళ్ళు నవ్వినారు. మధ్యాహ్నం అయ్యేసరికి ఎద్దుల్ని ఊరి ఆ పక్కకు తోలుకోని పోయి, కండ్లకు గుడ్డలు కట్టి, పట్టుకోని కూచునేవాడు. దెయ్యానికి భయపడినాడా అని అడిగినా నేను. దెయ్యానికి గాదమ్మా, వాడు మాట్లాడతాడేమో అని భయం అన్నాడు. వానికి తెలుసు గదా మోకు తెగలేదని.

ఒక దినం ఎద్దుల్ని తోలుకోని ఇంటికొస్తే నాగలచ్చుమ్మ గడప మీద కూచోని ఉంది. ఒళ్ళో రెండు చేతులూ పెట్టుకోని. ఎప్పుడూ ఖాళీగా కూచునే మనిషి గాదు ఆమె.

"నీకు వినపడతాందా?" అనింది.

"ఏంది?"

"గంట."

ఏం గంట, యాడ గంట, దొర ఎప్పుడో తీసుకోని పోయినాడు గదా అన్నాడు.

"నాకు నెల్లాళ్ళ నుంచి వినపడతాంది. నువ్వు భయపడతావని చెప్పలేదు. నిన్న పోయి బాయిలోకి తొంగి చూసినా. ఉరుకుందూ అని పిలిచినా. పలికినాడు."

"ఏమని?"

"అక్కా, మోకు వెయ్యమను బావను, అన్నాడు. చలిగా ఉందంట."

కంబగిరెప్ప ఆమె కాళ్ళు పట్టుకున్నంత పని చేసినాడంట. అది వాడు గాదే, వాని గొంతు పెట్టుకున్నది ఇంకేదో, నిన్ను లోపలికి గుంజుతాది, పోవద్దు అన్నాడు. భూతవైద్యున్ని పిలిపిస్తా అన్నాడు. ఆమె అన్నీ విని, వాడు నా తమ్ముడు, నాకు వాని గొంతు తెలీదా, అని లోపలికి పోయింది. ఇంతకీ ఆమెను గుంజుతాదని ఆయప్ప భయపడింది అబద్ధం గాదు, చెప్పాల్సింది మాత్రం అది గాదు. ఆ పొద్దు చెప్పేసి ఉంటే ఏమయ్యేదో. చెప్పలేకపోయినా తల్లీ, నోటి దాకా వచ్చింది, చెప్పలేకపోయినా, అని నాతో ఎన్నిసార్లు అన్నాడో.

మూడోదినం చేన్లో కంపలు కొడతాండాడు. ఎండ నడినెత్తికొచ్చేసరికి ఎద్దుల్ని తోలుకోని పోదామని ఇంటికొచ్చి చూస్తే కొట్టం ఖాళీ. గూటం ఖాళీ. చూరుకు చుట్టి పెట్టిన కపిల మోకు లేదు, బాన లేదు. చెప్పుల్లేకుండా పరిగెత్తినాడు. కాలే ఇసక, పల్లేరుకాయలు, ఏమీ తెలీలేదంట. గుట్ట మలుపు తిరిగినాడు.

దొరబాయి మీద పాత గిలక తుప్పు పట్టి ఉండె, దాంట్లో మోకు ఉంది. ఎద్దులు కాడికి కట్టి ఉన్నాయి. దావలో ఎనక్కి నడుస్తాండాయి, వాటి పక్కన ఎవరూ లేరు, ఎవరూ తోలడంలేదు. నాగలచ్చుమ్మ దావ మొదట్లో నిలబడి ఉంది, కొంగు నడుముకు చుట్టుకోని. కంబగిరెప్ప అరిచినాడు. ఆమె చెయ్యెత్తి ఆగమన్నట్ల చూపిచ్చింది. అప్పుడు చింతమాను కొమ్మలోనుంచి, గంట లేని కొమ్మలోనుంచి, మూడు. ఎద్దులు ముందుకు కదిలినాయి. ఆమె మోకు మీద ఎక్కి కూచునింది.

దావ నాలుగో వంతు దిగినాయి, ఆగినాయి. మోకు బిగిసి కిర్రుమనింది. ఎనక్కి గుంజడం మొదలైంది. అదే మాదిరి, నాయనా, అదే మాదిరి. ఎద్దులు ముందుకాళ్ళు గుచ్చి కూలబడినాయి, నల్లెద్దు మెడ తిప్పి చూసింది. నాగలచ్చుమ్మ కాళ్ళు మట్టిలో గీత గీస్తాండాయి. ఆమె దిగలేదు. పట్టు, పట్టు, మన ఉరుకుందు వస్తాండాడు, అని అరుస్తాంది, ఏడుస్తాంది, నవ్వుతాంది. పది బారలు. ఎనిమిది.

కంబగిరెప్ప చేరుకున్నాడు. చెయ్యి నడుముకు పోయింది. ఆయప్ప పంపలేదు, అదే పోయింది. కొడవలి చేతికొచ్చింది. మోకు ఎదురుగ్గా ఉంది. ఒక్క వేటు వేస్తే పెండ్లాం బతుకుతాది, ఎద్దులు బతుకుతాయి, మాట గూడా బయటపడదు. బాయిలోనుంచి వినపడింది. "బావా!" ఏడుపు గాదంట అది, కోపం గాదంట. పని చేసేటప్పుడు పిలిచే పిలుపు. అదే ఎక్కువ భయం వేసింది అన్నాడు.

కొడవలిని చింతమాను అవతలికి విసిరేసినాడు. మోకు మీద పెండ్లానికీ బాయికీ నడుమ ఎక్కి కూచున్నాడు. కూచోని, బాయి వైపు తిరిగి, ఉన్న గొంతంతా పెట్టి అరిచినాడు.

"ఒరే ఉరుకుందూ! తెగలేదురా! నేనే కోసినా! నేనే కోసినా రా!"

ఎనకాల నాగలచ్చుమ్మ అరుపు ఆగిపోయింది. చూడాలని ఉంది, తిరగలేకపోయినాడు. ఆమె రెండు చేతులూ ఆయప్ప భుజాల మీద ఉన్నాయి, ఊతకు పట్టుకున్నవి. అవి తీసెయ్యలేదు, బిగించలేదు, రాయి మాదిరి ఉండిపోయినాయి. మూడు బారల దూరంలో ఎద్దులు నిలబడినాయి. నిలబడి, ఊపిరి తీసుకోని, ఒక అడుగు ముందుకు వేసినాయి. ఇంకో అడుగు. ఇద్దరి బరువుతో మోకు దిగుతాంది. ఎంత సేపు పట్టిందో తెలీదంట. బాన గట్టు మీదకు వచ్చి వాలింది.

నీళ్ళు కుమ్మరించింది. నల్లని నీళ్ళు, చల్లగా, ఆ ఎండలో గూడా కాళ్ళు కొరికినట్ల ఉన్నెంట. నీళ్ళతో పాటు ఇంకొకటి జారి బాన అంచుకు వేలాడింది. చెయ్యి ఎముకలు, మోచేతి దాకా. రాగి కడియం పచ్చగా చిలుం పట్టి ఉంది. వేళ్ళ ఎముకలు బాన అంచును పట్టుకోని ఉన్నాయి, ఊడదియ్యాల్సి వచ్చింది.

నాగలచ్చుమ్మ కూచోని ఒక్కొక్క వేలూ తీసింది. కొంగులో చుట్టుకునింది. అప్పుడు మొగుని మొహం చూసింది.

"ఆ పొద్దు పిలిచినాడా నిన్ను?"

"పిలిచినాడు."

"ఏమని?"

"బావా అని."

ఎద్దులు రొప్పుతాండాయి. కొయ్యకపోయింటే నువ్వూ పోయిందువు, ఎద్దులూ పోయిండేవి, అది నాకు తెలుసు, అనింది. ఆ మాటకు నేను నిన్ను ఏమీ అననులే, అనింది. "తెగింది అని నాతో ఎందుకు చెప్పినావు? నాతో?"

ఆయప్ప వంగి ఎద్దుల కాడి విప్పినాడు.

ఆమె ఆ మూట పట్టుకోని నేరుగా పుట్టింటి దావ పట్టింది. వాళ్ళ చేన్లోనే పూడ్చిపెట్టినారు. మళ్ళా ఈ ఊరికి రాలేదు. ఎద్దులు మాత్రం ఇంటికి తోలక ముందే ఆమె ఎనకాల నడిచినాయంట, కంబగిరెప్ప పిలవలేదు. మిగతా బతుకంతా ఆయప్ప ఒక్కడే వండుకోని తిన్నాడు. ఏండ్ల తరబడి మధ్యాహ్నం గుట్ట దగ్గరికి పోయి, ఎవరివో ఎద్దుల్ని బతిమాలి తెచ్చుకోని, బాన దించేవాడు. ఉత్త నీళ్ళే వచ్చేవి. ఆయప్పకు మళ్ళా గంట వినపడలేదు. వినపడినప్పుడు ఒక భయం, వినపడకపోతే ఇంకో భయం, అనేవాడు. వాడు నన్ను నమ్మడం మానేసినాడు, అనేవాడు. పోయే ముందు రోజు గూడా చెవి గుట్ట వైపుకు పెట్టి పడుకున్నాడు.

మరి అయిపోయింది గదా, వానికి మట్టి దొరికింది గదా, ఇంక ఎందుకు భయపడేది అంటారు మీరు. మొన్న అట్లనే అన్నారు, ప్యాంట్లు వేసుకోని జీపులో వచ్చినోళ్ళు. పాత గనులు కొలుస్తాండాము, లోతు ఎంతో చూడాల అన్నారు. నేను చెప్పినా, పొద్దున్నే పోయి పొద్దున్నే రండి నాయనా అని. వింటారా? భోజనం దాకా ఆడనే ఉన్నారు. టేపుకు ఇనుప గుండు కట్టి దించినారంట. ముప్ఫై అడుగులు పోయింది, నీళ్ళు తగిలినాయి. ఇంకా దించినారు. టేపు పట్టుకున్న పిల్లోని చేతిలో అది కదిలింది. ఒకసారి. ఇంకోసారి. ఇంకోసారి. టేపు అట్లే వదిలేసి, అన్నం క్యారియర్లు గూడా వదిలేసి, జీపెక్కి పోయినారు. ఆ క్యారియర్లు ఆడనే ఉన్నాయి, కావల్సినోళ్ళు తెచ్చుకోండి.

మట్టి దొరికింది నిజమే. కానీ లెక్క చూసుకోండి. ఆ పొద్దు పైకి వచ్చింది ఒక చెయ్యి. మిగతా మనిషి ఇంకా లోపలనే ఉన్నాడు.

గుట్ట పక్కన పోయే పని ఉంటే చేన్ల మీదుగా చుట్టుకోని పోండి, ఒక అర్ధగంట ఎక్కువ నడిస్తే కాళ్ళు ఏమీ అరిగిపోవు. మధ్యాహ్నం పూట అసలు వద్దు. ఆడ బాయి గట్టు గూడా వదులుగా ఉంది, రాళ్ళు ఊడి వస్తాండాయి, దెయ్యం లాగకపోయినా అది లాగుతాది. ఇంక లేయండి, గంప నిండింది.